మనాలి నుంచి లేహ్ దాకా: రెండు బండ్లు, ఒక ఆవకాయ సీసా

ఇంటికొచ్చి పది రోజులైంది. మూడుసార్లు ఉతికినా రెయిన్ కోటుకి ఆవకాయ వాసన పోలేదు. కళ్ల చుట్టూ నల్లగా కమిలి, హెల్మెట్ కప్పిన చోట మామూలుగా ఉన్న నా ముఖం చూసి, బ్యాంకులో కౌంటర్ ముందుకొచ్చిన ప్రతివాళ్లూ "ఏమైంది సార్?" అంటున్నారు. మరిచిపోకముందే రాద్దామని కూర్చున్నాను. విమానం, ఢిల్లీ నుంచి రాత్రి బస్సు లాంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను.

మనాలి నుంచి లద్దాఖ్‌లోని లేహ్ దాకా మోటార్‌సైకిళ్ల మీద వెళ్లింది నేనూ, మా బామ్మర్దీ. నాకు 43, వాడికి 27. సంక్రాంతికి ఖమ్మంలో అత్తగారింట్లో ఉన్నప్పుడు, సరిగ్గా కనుమ రోజు ఈ ప్రయాణం అనుకున్నాం. కనుమ నాడు కాకైనా కదలదంటారు. మేం ఆ రోజే కనుమలెక్కే మాట ఎత్తామని మా అత్తగారికి అదొక దిగులు. ఆపలేక, బయల్దేరే రోజు కిలో పట్టే ప్లాస్టిక్ సీసా నిండా కొత్తావకాయ పెట్టి, మూతకి కవరు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి మరీ చేతికిచ్చారు. ఈ కథలో సగం ఆ సీసాదే.

జూన్ 18, మనాలి

అద్దె బండ్ల షాపులు వీధికి పది ఉన్నాయి. 411 సీసీ బండి రోజుకి 1,800 అన్నవాడు తొమ్మిది రోజులకి తీసుకుంటామంటే 1,700కి దిగాడు. బండికి ఐదు వేలు డిపాజిట్. మా వాడు రంగు చూసి ఒకటి ఎంచాడు. నేను టైర్లు చూసి ఇంకోటి ఎంచాను. రంగు బండి క్లచ్ కాస్త గట్టిగా ఉందని నేనన్నాను. "కొత్తది బావా, అలాగే ఉంటుంది" అన్నాడు.

షాపులో గ్రీజు చేతుల కుర్రాడొకడు ఓనరు అటు తిరిగాక నా దగ్గరికొచ్చి, రెండు బండ్లకీ పాత క్లచ్ కేబుల్ పక్కనే కొత్తది చేర్చి టేపు చుట్టి పెట్టాడు. పాతది తెగితే దారిలో ట్యాంకు విప్పి కొత్తది దూర్చే పని లేకుండా, రెండు చివర్లూ తగిలిస్తే చాలట. వంద రూపాయలిస్తే మొహమాటంగా తీసుకున్నాడు. ఆ ప్రయాణం మొత్తంలో అంత గిట్టుబాటైన వంద మరొకటి లేదు.

ఓనరు చివర్లో చల్లగా చెప్పాడు. ఈ బండ్లు లేహ్ దాకానే. అక్కడి నుంచి నుబ్రా లోయ, పాంగాంగ్ సరస్సు తిరగాలంటే లేహ్‌లో మళ్లీ అద్దెకి తీసుకోవాలి. బయటి అద్దె బండ్లని అక్కడివాళ్లు తిరగనివ్వరు. ముందే తెలుసుకుని ఉండాల్సింది.

రాత్రి సిడ్డు తిన్నాం. పులిసిన గోధుమ పిండిలో అక్రోటు ముద్ద కూరి ఆవిరి మీద ఉడికిస్తారు. మధ్యకి విరిచి నెయ్యి ధారగా పోస్తారు. మన కజ్జికాయ ఇడ్లీ పాత్రలో ఉడికితే ఎలా ఉంటుందో అలా ఉంది. రెండు తింటే మళ్లీ మధ్యాహ్నం దాకా ఆకలి ఊసే లేదు.

జూన్ 19, మనాలి నుంచి జిస్పా

రోహ్‌తాంగ్ కనుమ ఎక్కకుండా అటల్ సొరంగంలోంచి వెళ్లాం. 9.02 కిలోమీటర్లు. 2020 అక్టోబర్‌లో తెరిచారు. ఇటు పక్క దేవదారు చెట్లు, తుంపర, జారుడు బురద. లోపల పావుగంట పసుపు వెలుతురు, చెవులు గింగురుమనే ఇంజను చప్పుడు. అటు తేలేసరికి ఎండ, బోడి కొండలు, వాటి నెత్తిన మంచు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి అడుగు పెట్టినట్టుంది. అటువైపే లాహౌల్.

తాండి దగ్గర చంద్రా, భాగా నదులు కలుస్తాయి. కలిశాక చంద్రభాగ, కిందికి పోయాక అదే చీనాబ్. చంద్ర చంద్రుడి కూతురనీ, భాగ సూర్యుడి కొడుకనీ, పెళ్లి చేసుకుందామనుకుని బారాలాచా కనుమ మీంచి చెరోవైపు బయల్దేరి కొండలన్నీ చుట్టి ఇక్కడ కలిశారనీ ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. పైనుంచి చూస్తే రెండు నీళ్ల రంగు కొంతదూరం కలవకుండానే పోతోంది.

తాండి బంకులో, తర్వాతి బంకు 365 కిలోమీటర్లకని రాసిన బోర్డు దగ్గర ఫోటో దిగని రైడర్ ఉండడేమో. ట్యాంకులు నింపి, ఐదేసి లీటర్ల క్యాన్లు పక్కన కట్టుకున్నాం.

జిస్పాలో గది 1,200. పక్కనే భాగా నది రాత్రంతా రోడ్డు రోలర్ నడిచినట్టు హోరు. చేలల్లో బఠానీకి నీళ్లు కడుతున్నారు. గెస్ట్‌హౌస్ పెద్దాయన రాజ్మా చావల్ వడ్డిస్తూ రెండు మాటలు చెప్పాడు. రేపు ఇక్కడే ఉండండి, ఒంటికి ఎత్తు అలవాటవుతుంది. ఉండలేమంటారా, తెల్లారి ఐదింటికల్లా బయల్దేరండి. నాలాలు, అంటే రోడ్డుకి అడ్డం పారే కొండ వాగులు, పొద్దున నిద్రపోతుంటాయి, మధ్యాహ్నానికి లేస్తాయి.

మేం రెండూ చెయ్యలేదు.

సీసా మూత అప్పటికే కొంచెం ఉబ్బింది. చూశాం, నవ్వుకున్నాం.

జూన్ 20, బారాలాచా, సర్చూ

పొద్దున మా వాడు వీడియో కాల్ మాట్లాడి, ఆలూ పరాఠా రెండోసారి చెప్పించుకుని, గొలుసుకి నూనె పెట్టేసరికి పదిన్నర. "తొంభై కిలోమీటర్లే కదా బావా, మూడు గంటలు." మైదానంలో లెక్క అది. దార్చా చెక్‌పోస్టులో పేర్లు రాయించి, దీపక్ తాల్ చెరువు దగ్గర టీ తాగి, జింగ్‌జింగ్‌బార్ చేరేసరికి ఒంటిగంట దాటింది.

అక్కడ రోడ్డు లేదు. రోడ్డు ఉండాల్సిన చోట నీళ్లు ఉన్నాయి. కొండ మీద మంచు ఎండకి కరిగి, పది పదిహేను అడుగుల వెడల్పున గుండ్రాళ్లని దొర్లిస్తూ కిందికి దూకుతోంది. లోతు తెలియదు, నీళ్లు బూడిద రంగులో ఉన్నాయి. నేను ఒక ట్రక్కు దాటేదాకా ఆగి, దాని చక్రాలు ఎక్కడ మునిగాయో చూసుకుని, మొదటి గేరులో కాళ్లు కింద ఆనిస్తూ ఎలాగో బయటపడ్డాను. మా వాడు స్పీడు మీద కొట్టేద్దామనుకున్నాడు. నడి మధ్యలో ముందు చక్రం రాళ్ల సందున ఇరుక్కుంది. సైలెన్సర్ మునిగింది, ఇంజను ఆగింది. వాడు బండి పడిపోకుండా మోకాలి లోతు మంచునీళ్లలో పట్టుకుని నిలబడి "బావా, బావా" అని అరుస్తున్నాడు. నీళ్ల హోరులో నాకు నోరు కదలడమే కనిపించింది.

రోడ్డు పనివాళ్లు నలుగురు వచ్చారు. దుమ్ముకి ముఖాలకి గుడ్డలు చుట్టుకుని ఉన్నారు, కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఇద్దరు ముందు, ఇద్దరు వెనక పట్టి, మేం ఊపిరి పీల్చుకునేలోగా బండిని గట్టు మీదికి తెచ్చేశారు. స్టార్టర్ నొక్కబోతే వాళ్లలో పెద్దవాడు చేయి పట్టుకుని ఆపాడు. బండిని వెనక్కి వంచి సైలెన్సర్‌లో నీళ్లు కార్చి, పది నిమిషాలు ఆగాక నొక్కమన్నాడు. రెండో దెబ్బకి పట్టుకుంది.

జార్ఖండ్‌లోని దుమ్కా వాళ్లట. సరిహద్దు రోడ్ల సంస్థ పనికి ఎండాకాలంలో వస్తారు, చలికి ముందు ఇంటికి పోతారు. ఈ దారి మీద మనం గర్వంగా దిగే ఫోటోల వెనక ఉన్న రోడ్డంతా వీళ్లు చేత్తో రాయి రాయి పేర్చిందే. డబ్బులిస్తే తీసుకోలేదు, బిస్కెట్ పాకెట్లు తీసుకున్నారు. "ఈ టైంలో వస్తారా ఎవరైనా? పొద్దున అయితే చిన్నపిల్లలు కూడా దాటతారు" అన్నాడు పెద్దవాడు. చులకన చేసినట్టు కాదు, నిజంగా అర్థం కాక అడిగినట్టు అడిగాడు.

తడి బూట్లతో ఎక్కాం. సూరజ్ తాల్ చెరువు సగం గడ్డకట్టి ఉంది. బారాలాచా 4,890 మీటర్లు. 'లా' అంటే టిబెటన్‌లో కనుమ. రోడ్డుకి రెండు పక్కలా నా ఎత్తుకి మించి మంచు గోడలు, మధ్యలో కోసిన కేకు ముక్కలా దారి. పైన అయిదు రంగుల ప్రార్థన జెండాలు గాలికి పటపటా కొట్టుకుంటున్నాయి. మా వాడి పెదాలు నీలంగా ఉన్నాయి. ఫోటో వద్దన్నాడు. ఫోటో వద్దన్నాడంటేనే నాకు టెన్షన్ మొదలైంది.

సర్చూ 4,290 మీటర్లు. గుడారంలో మనిషికి 1,200, రాత్రి భోజనంతో కలిపి. సైడు బ్యాగు తెరిస్తే ఎర్రగా ఉంది. కిందనుంచి తెచ్చిన గాలి లోపల బిగుసుకుని, పైకొచ్చేసరికి ఉబ్బి, మూత సందుల్లోంచి నూనెని తోసేసింది. రెయిన్ కోటు, సాక్సులు, టార్చిలైటు, బండి కాగితాల కవరు, అన్నీ ఆవకాయే. వంటగదిలో వేలాడే చిప్స్ పాకెట్లు కూడా దిండ్లలా పొంగి ఉన్నాయి. మాకొక్కరికే కాదన్నమాట.

వంటవాడు నేపాలీ కుర్రాడు. ఇక్కడ నీళ్లు 86 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో బియ్యం ఎంతసేపైనా పలుకు మీదే ఉంటుంది, అందుకని అన్నం, పప్పు అన్నీ కుక్కర్లోనే. బ్యాగులో మిగిలిన ఆవకాయ వేస్తే ఒక ముక్క నోట్లో పెట్టుకుని, కాసేపు గాల్లోకి చూసి, ఇంకో ముక్క అడిగాడు.

రాత్రి పదకొండుకి మా వాడికి వాంతులు. తల పగిలిపోతోందన్నాడు. క్యాంపు మేనేజరు వేలికి ఆక్సిజన్ మీటరు పెడితే 74. సిలిండర్ తెచ్చి మాస్కు పెట్టాడు. ఎత్తు జబ్బుకి అసలు మందు కిందికి దిగడమే. కానీ సర్చూలో చిక్కేమిటంటే, ఎటు దిగాలన్నా ముందు ఎక్కాలి. వెనక బారాలాచా, ముందు మూడు కనుమలు. చాలామంది ప్రయాణ పథకాల్లో రెండో రాత్రి సర్చూ అని ఉంటుంది. నన్నడిగితే అది తప్పు. జిస్పాలో రెండు రాత్రులుండి, సర్చూని దాటుకుంటూ పోవాలి. వయసులో ఉన్నాడు, జిమ్‌కి పోతాడు, వాడికేం అవుతుందనుకున్నాను. ఎత్తుకి అవేం పట్టవు. బట్టతల బావకి ఏం కాలేదు, కుర్రాడు పడిపోయాడు.

"అమ్మకి చెప్పకు బావా" అన్నాడు మాస్కులోంచి.

జూన్ 21, సర్చూ నుంచి ఉప్షీ దగ్గరి ఊరు

తెల్లారి నాలుగున్నరకి 85 చూపించింది. తలనొప్పి తగ్గింది, టీ కడుపులో నిలిచింది. మేనేజరు, వెనక్కి పోవడమా ముందుకి పోవడమా మీ ఇష్టం, ఇక్కడ మాత్రం ఇంకో రాత్రి ఉండొద్దన్నాడు. ముందుకే అనుకున్నాం. ఆ నిర్ణయం సరైనదని ఇప్పటికీ అనలేను, కలిసొచ్చింది అంతే.

గాటా లూప్స్ 21 మలుపులు. ఒక మలుపులో మంచినీళ్ల సీసాల గుట్ట ఉంది. వెనకటికి ట్రక్కు చెడిపోయి, డ్రైవరు సాయం కోసం పోతే, మంచు పడి దారి మూసుకుపోయి, బండి దగ్గరే ఉండిపోయిన క్లీనరు ప్రాణం పోయిందట. అతను ఇప్పటికీ దారినపోయేవాళ్లని నీళ్లడుగుతాడని నమ్మకం. మా వాడు దయ్యాల్ని నమ్మడు. దిగి, తన సీసాలో సగం అక్కడ పోసి వచ్చాడు. నేనేం అనలేదు.

నకీ లా దాటి, లాచులుంగ్ లా ఎక్కేముందు రంగు బండి క్లచ్ లీవరు ఒక్కసారి వదులైపోయింది. కేబుల్ తెగింది. టేపు చుట్టిన కేబుల్ రెండు చివర్లూ తగిలించడం ఖమ్మంలో అయితే ఐదు నిమిషాల పని. అక్కడ నలభై నిమిషాలు పట్టింది. నట్టు నాలుగు తిప్పులు తిప్పి లేచి నిలబడితే, వంద మెట్లు ఎక్కినట్టు గుండె కొట్టుకుంటుంది. ఐదువేల మీటర్ల మీద గాలి కింద ఉన్నదాంట్లో సగానికి కాస్త ఎక్కువ. బండి పరిస్థితీ అంతే. ఎంత తిప్పినా రెండో గేరు దాటి పైకి రానంటుంది. కోప్పడి లాభం లేదు, అది కూడా ఆయాసపడుతోంది.

పాంగ్‌లో లద్దాఖీ ఆడవాళ్లు నడిపే గుడారాల్లో మ్యాగీ 80, ఆమ్లెట్ 100. లోపల గోడల వెంట పరుపులు, మధ్యలో పొయ్యి. మేం మాట్లాడుకుంటుంటే పక్క పరుపు మీంచి ఒక జవాను లేచి కూర్చున్నాడు. "ఏటి, తెలుగోళ్లా? ఇంత దూరం బళ్ల మీదే వచ్చేసినారా?" శ్రీకాకుళం. ఇంటికెళ్లి ఏడు నెలలైందట. సీసాలో అడుగున మిగిలింది చూపిస్తే మ్యాగీలోనే కలుపుకు తిన్నాడు. తింటున్నంతసేపూ ఒక్క మాట లేదు. తర్వాత మా వాడి ముఖం చూసి, మూర్ మైదానంలో ఆగొద్దు, నిద్రొచ్చినా ఆగొద్దు అని మాత్రం అన్నాడు.

ఆగలేదు గానీ తప్పిపోయాం. అంత కొండల మధ్య నలభై కిలోమీటర్ల బల్లపరుపు నేల ఉంటుందని ఎవరనుకుంటారు? తారు రోడ్డు పక్కన మట్టి దారులు అడ్డదిడ్డంగా పోతుంటాయి. దుమ్ము తప్పించుకుందామని ఒకటి పట్టుకున్నాం. ఆరేడు కిలోమీటర్లు పోయాక మేకల మంద అడ్డొచ్చింది. చాంగ్‌పా అనే సంచార తెగ కాపరి, చంకలో పిల్లమేక. "లేహ్?" అన్నాను. నవ్వి, గడ్డంతో మేం వచ్చిన వైపు చూపించాడు. మేం త్సో కర్ చెరువు దారిలో పోతున్నామట. ఆ మేకల ఉన్నితో నేసే పష్మీనా శాలువా ధర వేలల్లో ఎందుకు ఉంటుందో ఆ గాలిలో ఐదు నిమిషాలు నిలబడితే అర్థమైంది.

తంగ్‌లాంగ్ లా, 5,328 మీటర్లు. మూడు నిమిషాలు ఆగి దిగిపోయాం. కింద రుమ్‌త్సే దాటాక లోయ గోడలు వంకాయ రంగులోకి మారాయి, వాగు పక్కన పచ్చటి బార్లీ మళ్లు కనిపించాయి. రెండు రోజుల తర్వాత పచ్చ రంగు చూసి మా వాడు "బావా, తలనొప్పి పోయింది" అన్నాడు. వెయ్యి మీటర్లకి పైగా దిగాం మరి.

ఉప్షీకి కాస్త ముందు ఒక ఊళ్లో చీకటి పడింది. ఒక ఇంట్లో ఇద్దరికీ భోజనంతో 1,500 అన్నారు. "జూలే" అంటూ లోపలికి పిలిచారు. అక్కడ నమస్కారానికీ, థాంక్సుకీ, వెళ్లొస్తానికీ అదే మాట. వంటిల్లే ఇంటికి ముంగిలి, అరల నిండా తళతళలాడే ఇత్తడి పాత్రలు. ఇంటి పెద్దావిడ ఉప్పు, వెన్న వేసిన టీ పోసింది. టీ అనుకుంటే తాగలేం, చారు అనుకుంటే బాగుంటుంది. ఒక గుక్క తాగితే మళ్లీ నింపుతోంది. తాగకపోతే ఏమనుకుంటుందోనని నేను ఆరుసార్లు ఖాళీ చేశాను. చివరికి మనవరాలు నవ్వుతూ చెప్పింది. వద్దనుకుంటే కప్పు నిండుగా వదిలేయాలట. మనింట్లో విస్తరి మీద చేతులు అడ్డం పెట్టడం లాంటిదే, తిరగేసి.

జూన్ 22, 23, లేహ్

రెండు రోజులు నిద్రపోయాం, తిన్నాం. మా వాడి సిమ్ ప్రీపెయిడ్, దార్చా దాటాక చచ్చిపోయింది. లేహ్‌లో నా పోస్ట్‌పెయిడ్ నుంచి వాళ్లమ్మకి ఫోన్ చేసి, "ఆవకాయ అయిపోయింది, చాలా బాగుంది" అన్నాడు. అబద్ధం కాదు కదా.

జూన్ 24, ఖర్దుంగ్ లా

వేరే రెండు బండ్లు, రోజుకి 1,900. లేహ్ నుంచి నలభై కిలోమీటర్ల లోపే. కానీ సౌత్ పుల్లూ చెక్‌పోస్టు దాటాక రోడ్డంతా గుంతలు, మంచునీళ్లు. ఈసారి ఆరింటికే బయల్దేరాం. చెప్పింది నేను కాదు, వాడే నాలుగున్నరకి అలారం పెట్టాడు.

ప్రపంచంలో ఎత్తయిన బండి దారి అని ఈ కనుమకి ఏళ్ల తరబడి పేరుండేది, 18,380 అడుగులని బోర్డు కూడా. జీపీఎస్‌తో కొలిస్తే 5,359 మీటర్లు, అంటే 17,582 అడుగులే. 2021లో హాన్లే వైపున్న ఉమ్లింగ్ లా, 19,024 అడుగులతో గిన్నిస్‌లోకి ఎక్కింది. అయినా బోర్డు దగ్గర మాత్రం తిరుపతి క్యూ. ఒక కుటుంబం ఫోటో కోసం ఇంకో కుటుంబంతో గొడవ పడుతోంది, ఇద్దరికీ ఆయాసం వల్ల తిట్లు మధ్యలో తెగిపోతున్నాయి. మేం బోర్డు వెనక వైపు నుంచి ఒక ఫోటో తీసుకుని పావుగంటలో దిగిపోయాం.

నిజం చెప్పాలంటే, నాకు ఆ కనుమ కన్నా నకీ లా దగ్గర నట్టు బిగించిన చోటే ఎక్కువ గుర్తుంది. కనుమ దిగాక నుబ్రా లోయలోని హుందర్‌లో ఇసుక తిన్నెలు, రెండు మూపురాల ఒంటెలు, తిరునాళ్ల జనం. మర్నాడే లేహ్ వచ్చేశాం.

జూన్ 26, 27, తిరుగు దారి

లేహ్‌లో నాలుగున్నరకి బయల్దేరి చీకటి పడేలోగా సర్చూ. అదే గుడారం, అదే నేపాలీ కుర్రాడు, ఆవకాయ లేదా అన్నాడు. ఇద్దరం మొద్దు నిద్ర. వారం రోజుల్లో ఒళ్లు నేర్చుకుంది.

మర్నాడు ఎనిమిదింటికి జింగ్‌జింగ్‌బార్ నాలా. గుర్తుపట్టలేకపోయాను. గుండ్రాళ్ల మధ్య జానెడు నీళ్లు చప్పుడు లేకుండా పోతున్నాయి, అంచున పలచగా మంచు పెళ్లలు. మా వాడు బండి ఆపి, మధ్యలోకి నడిచి వెళ్లి, ఆ రోజు తను నిలబడ్డ చోటు వెతుక్కున్నాడు. బూటు పైభాగం కూడా తడవలేదు. దుమ్కా వాళ్ల కోసం లేహ్‌లో కొన్న ఎండు ఆప్రికాట్లు రెండు కిలోలు తెచ్చాం. ఆ నలుగురూ వేరే చోట పనిలో ఉన్నారట, అక్కడున్న వాళ్లకే ఇచ్చాం.

మనాలి చేరి బ్యాగు విప్పితే ఖాళీ సీసా పక్కలు లోపలికి నొక్కుకుపోయి ఉన్నాయి, ఎవరో పిడికిట్లో పట్టి నలిపినట్టు. పైన గట్టిగా మూత పెట్టాం, కింది గాలి వచ్చి పిండేసింది.

షాపు ఓనరు బండ్లు చుట్టూ తిరిగి చూశాడు. తెగిన కేబుల్‌కి 450 పట్టుకుంటానన్నాడు. తెగేలా ఇచ్చింది నువ్వే అని అరగంట వాదించి 200కి దింపాను. తర్వాత సైడు బ్యాగు మూత తెరిచి, లోపల తల పెట్టి, గబుక్కున బయటికి తీశాడు. "ఇదేంటి?"

మా బామ్మర్ది నా వైపు చూశాడు. నేను కొండల వైపు చూశాను. కడిగే ఖర్చు మూడొందలు. అది మాత్రం వాదించకుండా ఇచ్చేశాం.